పాత బుల్లెట్ మళ్లీ ఎలా కదులుతుంది?

నడిచే బండి అరుగుతుంది. నడవని బండి అరగదు. అలాంటప్పుడు పాతికేళ్లపాటు ఒకేచోట నిలబడిన మోటారుసైకిలు కొత్తదానిలా ఉండాలి కదా! కాని అలా ఉండదు. రోజూ ఎండలో, దుమ్ములో తిరిగే బండి కంటే నీడలో ఊరికే నిలబెట్టిన బండే ఎక్కువ పాడవుతుంది. ఎందుకు?

వరంగల్ పాత పట్టణంలోని మట్టెవాడలో ఒక ఇల్లు అనుకుందాం. ఆ ఇంట్లో మెట్ల కింద, గోనెసంచులు కప్పి, ఒక పాత బుల్లెట్ ఉంది. అది తాతగారి బండి. "పాత ఇనుప సామానువాళ్లకు వేసేస్తే చోటన్నా కలిసివస్తుంది" అంటున్నారు ఇంట్లో ఒకరు. "బాగుచేసుకుని ఉంచుకుందాం, తాతయ్య గుర్తు" అంటున్నారు మరొకరు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. తూకానికి వేస్తే ఆ బండి వట్టి ఇనుము. కాని ఒకసారి కరిగించాక దాన్ని ఎవరూ తిరిగి తేలేరు. కనుక తొందరపడే ముందు, ఆ బండిలో ఏది చచ్చిపోయిందో, ఏది నిద్రపోతోందో తెలుసుకోవాలి. ఆ పని చేయించేది బలం కాదు, విజ్ఞానం. ఆ బుల్లెట్‌ను ఈ వ్యాసంలో మనం మనసులోనే విప్పి చూద్దాం.

బుల్లెట్ కథ

రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంగ్లండులోని రెడ్డిచ్ పట్టణపు సంస్థ. 'బుల్లెట్' అనే పేరుతో అది 1932లో ఒక మోటారుసైకిలును ప్రవేశపెట్టింది. స్వాతంత్ర్యం వచ్చాక మన సైన్యానికి సరిహద్దుల్లో గస్తీ తిరగడానికి గట్టి మోటారుసైకిళ్లు కావలసివచ్చాయి. అందుకు 350 సి.సి. బుల్లెట్‌ను ఎంచుకున్నారు. 1955లో రెడ్డిచ్ సంస్థ, మద్రాసు మోటార్స్ సంస్థ కలిసి 'ఎన్‌ఫీల్డ్ ఇండియా'ను స్థాపించాయి. మద్రాసు పక్కన తిరువొత్తియూరులో కర్మాగారం వెలిసింది. మొదట్లో ఇంగ్లండు నుంచి వచ్చిన భాగాలను ఇక్కడ బిగించేవారు. క్రమంగా భాగాలన్నీ ఇక్కడే తయారయ్యాయి.

తరువాత ఒక విచిత్రం జరిగింది. రెడ్డిచ్ కర్మాగారం 1967లో మూతబడింది. పుట్టినింట్లో ఆగిపోయిన బుల్లెట్ మెట్టినింట్లో బతికింది. 1977 నుంచి తిరువొత్తియూరులో తయారైన బుల్లెట్లు ఇంగ్లండుకే ఎగుమతి అయ్యాయి! ఇన్ని దశాబ్దాలు దాదాపు ఒకే రూపంలో తయారైంది కనుకనే దాని విడిభాగాలు నేటికీ దొరుకుతాయి. పాత బండిని బాగుచేయదలచినవారికి ఇది గొప్ప సౌకర్యం.

350 సి.సి. అంటే ఏమిటి? ఇంజను సిలిండరులో పిస్టన్ కింది చివర నుంచి పై చివరకు కదిలినప్పుడు ఊడ్చే ఘనపరిమాణం. పాత బుల్లెట్ సిలిండరు వ్యాసం 7 సెం.మీ. పిస్టన్ కదిలే దూరం 9 సెం.మీ. స్తూపం ఘనపరిమాణానికి మీరు నేర్చుకున్న సూత్రం వాడండి. 3.14 × 3.5 × 3.5 × 9. సుమారు 346 ఘన సెంటీమీటర్లు వస్తుంది. అసలు లెక్క ఇదే. 350 అనేది పిలవడానికి వీలుగా పెట్టుకున్న అంకె.

నిలబడిన బండిలో ఏం జరుగుతుంది?

నాలుగు మార్పులు ఒకేసారి, చప్పుడు లేకుండా జరుగుతూ ఉంటాయి.

మొదటిది తుప్పు. ఇనుముకు గాలిలోని ఆక్సిజన్, తేమ రెండూ తగిలితే ఐరన్ ఆక్సైడు ఏర్పడుతుంది. వరంగల్ వేసవి ఎండకు రేకు బాగా కాగుతుంది. జూన్ రాగానే నైరుతి ఋతుపవనాల తేమ దాని మీద చేరుతుంది. రాత్రి చల్లబడినప్పుడు ట్యాంకు లోపలి గోడల మీద కూడా నీటి బిందువులు పేరుకుంటాయి. ఇనుప తుప్పులో ఒక చెడ్డ గుణం ఉంది. అది పొరలుపొరలుగా ఊడిపోతుంది. ఊడినచోట మళ్లీ కొత్త ఇనుము గాలికి బయటపడి తుప్పు పడుతుంది. అల్యూమినియం అలా కాదు. దాని ఆక్సైడు పలుచని గట్టి పొరలా అతుక్కుని లోపలి లోహాన్ని కాపాడుతుంది. అందుకే బుల్లెట్ ఇంజను అల్యూమినియం డొప్పలు మసకబారినా నిలుస్తాయి, మడ్‌గార్డు అంచులు మాత్రం చిల్లులు పడతాయి.

తుప్పుకు ఇంకో గుణం కూడా ఉంది. అది తాను తిన్న ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. నట్టు మరలలో తుప్పు పడితే అది ఉబ్బి, నట్టును బోల్టుకు అతికించినట్లు పట్టేస్తుంది.

రెండవది పెట్రోలు చెడిపోవడం. పెట్రోలు ఒకే పదార్థం కాదు, అనేక హైడ్రోకార్బన్ల మిశ్రమం. అందులో తేలికైనవి ముందుగా ఆవిరవుతాయి. మిగిలినవి ఆక్సిజన్‌తో కలిసి జిగురుగా మారతాయి. కార్బురేటరు అడుగున గోధుమరంగు లక్కలాంటి పదార్థం కనిపిస్తే, అది ఒకప్పటి పెట్రోలే.

మూడవది బ్యాటరీ చావడం. సీసపు పలకల మీద లెడ్ సల్ఫేటు స్ఫటికాలు గట్టిపడి ఇక కరగవు. ఏళ్ల తరబడి పడి ఉన్న బ్యాటరీని బతికించడం సాధ్యం కాదు. దాన్ని చెత్తలో పారేయకుండా బ్యాటరీ దుకాణంలో ఇవ్వాలి. సీసం విషం. కాని దాన్ని తిరిగి వాడుకోవచ్చు.

నాలుగవది రబ్బరు ముదరడం. టైర్లు, పెట్రోలు గొట్టాలు, ఆయిల్ సీళ్లు ఆక్సిజన్, ఓజోన్ ప్రభావంతో బిరుసెక్కి పగుళ్లు వేస్తాయి. చూపుకు టైరు మీద గాడులు కొత్తగానే ఉండవచ్చు. వాటిని నమ్మకూడదు.

నడిచే బండిలో ఈ నాలుగూ ఎందుకు తక్కువ? నడుస్తున్నప్పుడు నూనె ప్రతి భాగానికీ చేరి పూతలా కాపాడుతుంది. వేడికి తేమ ఆవిరవుతుంది. పెట్రోలు ఎప్పటికప్పుడు కొత్తది వస్తుంది. బ్యాటరీ ఛార్జి అవుతూ ఉంటుంది. మన మొదటి ప్రశ్నకు సమాధానం ఇదే.

విప్పేముందు రాసుకోండి

పాత బండిని బాగుచేయబోయే చాలామంది మొదటిరోజే పానాలు పట్టుకుని అన్నీ విప్పేస్తారు. విప్పడం ఒక పూట పని. బిగించడం అలా కాదు. గిన్నెల్లో కలిసిపోయిన వందలాది నట్లు, వాషర్లు చూసి చివరకు బండిని బస్తాలో కట్టి అమ్ముకున్నవారు ఉన్నారు.

మట్టెవాడకు కొద్ది కిలోమీటర్ల దూరంలో, హనుమకొండలో, వేయిస్తంభాల గుడి ఉంది. దాని కల్యాణమండపం ఒరిగిపోతూ ఉండటంతో భారత పురావస్తుశాఖ దాన్ని విప్పింది. రాళ్లకు గుర్తులు వేసి, పునాదిని మళ్లీ కట్టి, రాళ్లను తిరిగి పేర్చారు. ఏళ్ల తరబడి సాగిన ఆ పని పూర్తయి 2024 మార్చిలో మండపం మళ్లీ తెరుచుకుంది. కాకతీయుల కట్టడానికైనా, తాతగారి బండికైనా సూత్రం ఒకటే. ఏ భాగం ఎక్కడిదో గుర్తు లేకుండా ఏదీ కదపకూడదు.

కనుక ప్రతి భాగాన్నీ విప్పేముందు ఫోటో తీయండి, లేదా బొమ్మ గీయండి. విప్పిన నట్లను చిన్న సంచుల్లో వేసి పేరు రాయండి. తీగలకు కాగితపు చీటీలు కట్టండి. ఒక నోటుపుస్తకంలో తేదీ వేసి, చూసింది చూసినట్లు రాయండి. ప్రయోగశాలలో మీరు చేసే పని ఇదే కదా!

ఇంజనుకు కావలసినవి నాలుగు

రోగిని చూడగానే వైద్యుడు కోత మొదలుపెట్టడు. నాడి చూస్తాడు, ప్రశ్నలు అడుగుతాడు. ఇంజనును కూడా నాలుగు ప్రశ్నలు అడగాలి. పీడనం ఉందా? పెట్రోలు, గాలి సరైన పాళ్లలో అందుతున్నాయా? నిప్పురవ్వ వస్తోందా? ఆ రవ్వ సరైన సమయానికి వస్తోందా?

బుల్లెట్‌ది నాలుగు ఘాతాల ఇంజను. మొదటి ఘాతంలో పిస్టన్ కిందికి దిగి పెట్రోలు-గాలి మిశ్రమాన్ని లోపలికి పీలుస్తుంది. రెండవ ఘాతంలో పైకి వచ్చి దాన్ని నొక్కుతుంది. అప్పుడు ప్లగ్గు దగ్గర రవ్వ పుట్టి మిశ్రమం మండుతుంది. మూడవ ఘాతంలో మండిన వాయువులు పిస్టన్‌ను కిందికి నెడతాయి. బండికి శక్తి వచ్చేది ఈ ఒక్క ఘాతంలోనే. నాలుగవ ఘాతంలో పిస్టన్ పైకి వచ్చి పొగను బయటకు తోస్తుంది. ఈ నాలుగింటికీ ఇంజను ఇరుసు రెండుసార్లు తిరుగుతుంది. నిమిషానికి 3,000 సార్లు తిరిగే ఇంజనులో నిమిషానికి 1,500 సార్లు, అంటే సెకనుకు 25 సార్లు రవ్వ పుట్టాలి. అంత తొందరలోనూ తడబడని యంత్రం అది.

పట్టేసిన పిస్టన్

ముందుగా కిక్‌రాడ్డును చేత్తో మెల్లగా నొక్కి చూడాలి. అది కదలకపోతే పిస్టన్ పట్టేసి ఉండవచ్చు. ఇక్కడ కాలితో బలంగా తొక్కితే పిస్టన్ రింగులు విరుగుతాయి, సిలిండరు గోడ గీసుకుపోతుంది. తొందర వల్ల కలిగే నష్టానికి ఇది మంచి ఉదాహరణ.

మెకానిక్కులు ఏం చేస్తారు? ప్లగ్గు తీసి, ఆ రంధ్రంలో పలుచని నూనె పోసి, కొన్ని రోజులు వదిలేస్తారు. పిస్టన్‌కు, సిలిండరుకు మధ్య ఉన్న సందు వెంట్రుకవాసి మాత్రమే. దీపం వత్తిలో నూనె ఎక్కినట్లే, కేశనాళికీయత వల్ల నూనె ఆ సందులోకి మెల్లగా పాకుతుంది. తుప్పు అతుకు వదులవుతుంది. అప్పుడు వెనకచక్రాన్ని గేరులో పెట్టి ముందుకూ వెనక్కూ కొద్దికొద్దిగా ఆడిస్తే చాలాసార్లు పిస్టన్ కదులుతుంది.

కదిలాక తల విప్పి సిలిండరును చూడాలి. గోడ మీద లోతైన గీతలు ఉంటే లేతు పనివారి దగ్గర 'బోరు' చేయించాలి. అంటే సిలిండరును కొద్దిగా వెడల్పు చేసి, అందుకు సరిపోయే పెద్ద పిస్టన్ వేయడం. గీతలు లేకపోతే కొత్త రింగులతో సరిపోవచ్చు. చూడకుండా బోరు చేయించడం డబ్బు దండగ. దానికి తోడు సిలిండరు ఆయుష్షు కూడా తగ్గుతుంది, ఎందుకంటే కోసిన లోహం తిరిగి రాదు.

అల్యూమినియం డొప్పలోంచి ఉక్కు బేరింగును తీయడానికి సుత్తి కాదు, వేడి కావాలి. ఒక డిగ్రీ వేడికి అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. 50 మి.మీ. వ్యాసమున్న రంధ్రం చుట్టూ అల్యూమినియాన్ని 80 డిగ్రీల మేర వేడిచేస్తే రంధ్రం సుమారు 0.09 మి.మీ. పెరుగుతుంది. అదే వేడికి లోపలి ఉక్కు బేరింగు సుమారు 0.05 మి.మీ. మాత్రమే పెరుగుతుంది. మిగిలిన 0.04 మి.మీ. మనకు లాభం. సలసల కాగే నీళ్లు పోస్తే చాలు, సుత్తి దెబ్బలకు లొంగని బేరింగు జారి బయటకు వస్తుంది. బండి చక్రానికి ఇనుప పట్టా వేసే కమ్మరి కూడా ఈ సూత్రాన్నే వాడేవాడు. పట్టాను ఎర్రగా కాల్చి చక్రానికి తొడిగి నీళ్లు పోస్తే, అది బిగిసి కూర్చునేది.

తుప్పును వదిలించడం

మన ఇళ్లలో ఇత్తడి బిందెను చింతపండుతో తోముతారు. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం ఆక్సైడును కరిగిస్తుంది. పలుచని తుప్పుకు కూడా ఇలాంటి బలహీన ఆమ్లాలు పనిచేస్తాయి. ట్యాంకు లోపల వెనిగరు పోసి ఒకటి రెండు రోజులు ఉంచి, కడిగి, వెంటనే ఆరబెట్టి, నూనె తడి చూపించాలి. తడిగా వదిలితే గంటలలో మళ్లీ తుప్పు వస్తుంది.

మందమైన తుప్పుకు విద్యుద్విశ్లేషణ మంచి పద్ధతి. ప్లాస్టిక్ తొట్టిలో నీళ్లు పోసి కొద్దిగా చాకలి సోడా కలుపుతారు. తుప్పు పట్టిన భాగాన్ని బ్యాటరీ ఛార్జరు రుణధ్రువానికి, ఒక పాత ఇనుప ముక్కను ధనధ్రువానికి కలుపుతారు. రెండూ తగలకూడదు. విద్యుత్తు ప్రవహించినప్పుడు రుణధ్రువం దగ్గర హైడ్రోజన్ బుడగలు లేస్తాయి. తుప్పు వదులై రాలిపోతుంది. ఆమ్లంలా ఇది మంచి ఇనుమును తినదు.

కాని కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. హైడ్రోజన్ మండే వాయువు. కనుక ఈ పని ఆరుబయటే చేయాలి, దగ్గర నిప్పు ఉండకూడదు. ధనధ్రువానికి స్టెయిన్‌లెస్ స్టీలు కట్టకూడదు. దానిలోని క్రోమియం విషపూరిత రూపంలో నీటిలోకి దిగుతుంది. అల్యూమినియం భాగాలను ఈ తొట్టిలో వేయకూడదు, క్షారం వాటిని తినేస్తుంది. ఉపాధ్యాయులు లేదా పనితెలిసిన పెద్దలు పక్కన లేకుండా అసలు చేయకూడదు.

మరొక మాట. చిల్లుపడిన ట్యాంకుకు వెల్డింగు చేయించడం ప్రాణాంతకం కావచ్చు. ఖాళీ ట్యాంకులో ద్రవం ఉండదు, కాని పెట్రోలు ఆవిరి, గాలి కలిసి ఉంటాయి. అది నిండు ట్యాంకు కంటే ప్రమాదం. ఆవిరిని పూర్తిగా పోగొట్టే పద్ధతి తెలిసిన పనివారే ఆ పని చేయాలి.

గాలి, పెట్రోలు కలిసేచోటు

కార్బురేటరు లోపల గాలి వెళ్లే దారి ఒకచోట ఇరుకవుతుంది. ఇరుకు దారిలో గాలి వేగం పెరుగుతుంది, వేగం పెరిగినచోట పీడనం తగ్గుతుంది. ఇది 1738లో బెర్నౌలీ వివరించిన సూత్రం. పీడనం తగ్గినచోటుకు కింది గిన్నెలోని పెట్రోలు సన్నని ఇత్తడి రంధ్రం గుండా చిమ్మి వస్తుంది. ఆ రంధ్రాన్నే 'జెట్' అంటారు. దాని వెడల్పు ఒక మిల్లీమీటరు కూడా ఉండదు.

మనం చెప్పుకున్న జిగురు సరిగ్గా అక్కడే అడ్డుపడుతుంది. రంధ్రాన్ని గుండుసూదితో పొడవకూడదు. ఇత్తడి మెత్తన. రంధ్రం కాస్త పెరిగినా పెట్రోలు పాలు మారిపోతుంది. ద్రావకంలో నానబెట్టి, గాలి ఊది శుభ్రం చేయాలి. బరువు లెక్కన ఒక పాలు పెట్రోలు మండడానికి సుమారు 15 పాళ్ల గాలి కావాలి. పెట్రోలు ఎక్కువైతే ప్లగ్గు నల్లని మసితో నిండుతుంది. తక్కువైతే తెల్లబడుతుంది. లేత ఇటుకరంగులో ఉంటే పాలు సరిగా ఉన్నట్లు. అనుభవమున్న మెకానిక్కు ప్లగ్గు తీసి చూసి ఇంజను జాతకం చెప్పేది ఇందుకే.

ఇక్కడ ఇంకొక సంగతి. ఆనాటి పెట్రోలు, ఈనాటి పెట్రోలు ఒకటి కావు. ఆనాడు పెట్రోలులో సీసపు సమ్మేళనం ఉండేది. ఆరోగ్యానికి హానికరమని మన దేశంలో 2000 నాటికి దాన్ని తొలగించారు. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుపుతున్నారు. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. పాత రబ్బరు గొట్టాలను, సీళ్లను మెత్తబరచవచ్చు. కనుక వాటిని ఇథనాల్‌కు తట్టుకునే కొత్తవాటితో మార్చాలి. బండిని చాలా రోజులు నిలబెట్టవలసివస్తే కార్బురేటరులో పెట్రోలు ఉంచకూడదు.

ఆరు వోల్టుల నుంచి వేల వోల్టులు

చాలా పాత బుల్లెట్లలో 6 వోల్టుల బ్యాటరీ ఉండేది, తరువాత 12 వోల్టులది వచ్చింది. నొక్కిన మిశ్రమంలో రవ్వ దూకాలంటే పది వేల వోల్టులకు అటూఇటుగా కావాలి. ఇంత ఎక్కడినుంచి వస్తుంది?

1831లో ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణే సమాధానం. కాయిల్‌లో రెండు తీగచుట్లు ఉంటాయి. ఒకదానిలో కొద్ది చుట్లు, రెండవదానిలో దాదాపు నూరు రెట్లు. "అయితే 6 వోల్టులను 100తో హెచ్చవేస్తే 600 మాత్రమే కదా?" అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న! అసలు కిటుకు వేగంలో ఉంది. మొదటి చుట్టలో ప్రవహిస్తున్న విద్యుత్తును 'పాయింట్లు' అనే చిన్న స్విచ్చి ఠక్కున తెంచుతుంది. అయస్కాంత క్షేత్రం క్షణంలో కూలిపోతుంది. ఎంత త్వరగా కూలితే అంత ఎక్కువ వోల్టేజి ప్రేరితమవుతుంది. ఆ కుదుపులో మొదటి చుట్టలోనే వందల వోల్టులు పుడతాయి. వాటిని నూరుతో హెచ్చవేయండి. పక్కనే ఉన్న కండెన్సరు, పాయింట్ల దగ్గర రవ్వలు వృథాగా పుట్టకుండా చూసి, ఈ తెంపుడు చురుకుగా జరిగేలా చేస్తుంది.

పాయింట్లు తెరుచుకున్నప్పుడు వాటి మధ్య సందు 0.35 నుంచి 0.40 మి.మీ. ఉండాలి. ఏళ్ల తరబడి నిలిచిన బండిలో ఈ పాయింట్ల మీద పలుచని ఆక్సైడు పొర పడుతుంది. విద్యుత్తు పారదు. "ఇంజను పోయింది" అని నిరాశపడిన బండి, పాయింట్లను సన్నని ఆకురాయి కాగితంతో రుద్దగానే లేచిన సందర్భాలు మెకానిక్కులందరికీ తెలుసు.

మొదటి కిక్కు

పాత బుల్లెట్‌ను లేపడానికి బలం కంటే కిటుకు ముఖ్యం. పిస్టన్ పైవైశాల్యం సుమారు 38 చ.సెం.మీ. మిశ్రమాన్ని ఆరున్నర రెట్లు నొక్కినప్పుడు, వేడి వల్ల పెరిగే పీడనాన్ని లెక్కలోకి తీసుకోకపోయినా, పిస్టన్ మీద సుమారు 200 కిలోల బరువు మోపినంత ఒత్తిడి ఉంటుంది. దాన్ని కాలితో నేరుగా జయించాలని చూస్తే ఇంజను ఎదురు తంతుంది. పిస్టన్ పైకి చేరకముందే మిశ్రమం మండితే, ఇరుసు వెనక్కు తిరిగి కిక్‌రాడ్డు కాలిని కొడుతుంది. మడమ విరిగినవారు కూడా ఉన్నారు.

ఇందుకు ఒక చక్కని ఏర్పాటు ఉంది. హ్యాండిల్ దగ్గర చిన్న డీకంప్రెషన్ లివరు ఉంటుంది. అది పొగ వెళ్లే కవాటాన్ని కొద్దిగా ఎత్తి పీడనాన్ని వదిలేస్తుంది. హెడ్‌లైటు దగ్గర అమ్మీటరు ఉంటుంది. తాళం తిప్పగానే, పాయింట్లు మూసుకుని ఉంటే కాయిల్‌లోకి విద్యుత్తు పోతుంది, ముల్లు ఒక పక్కకు వాలుతుంది. కిక్‌రాడ్డును మెల్లగా నొక్కుతూ వెళితే పీడనం తగిలేచోట పాయింట్లు తెరుచుకుంటాయి, ముల్లు మధ్యకు వస్తుంది. అంటే పిస్టన్ పైకి చేరువైనట్లు. ఇప్పుడు లివరు నొక్కి పిస్టన్‌ను శిఖరం దాటించి, లివరు వదిలి, కిక్‌రాడ్డును పైకి రానిచ్చి, నిండుగా ఒక్క కిక్కు కొట్టాలి. తరువాతి పీడన ఘాతం వచ్చేలోపు బరువైన ఫ్లైవీలు దాదాపు రెండు చుట్లు తిరిగి వేగం పుంజుకుంటుంది. పీడనాన్ని జయించేది కాలు కాదు, ఫ్లైవీలులో దాచిన గతిజశక్తి.

నడవడం కంటే ఆగడం ముఖ్యం

ఇంజను మోగగానే వీధిలోకి పరుగెత్తకూడదు. వేగం రెట్టింపైతే గతిజశక్తి నాలుగు రెట్లవుతుంది. 30 కి.మీ. వేగంలో ఆపగలిగిన బ్రేకు 60 కి.మీ. వేగంలో నాలుగు రెట్ల శక్తిని వేడిగా మార్చాలి. కనుక బ్రేకులు, టైర్లు, కేబుళ్లు కొత్తగా ఉండాలి. టైరు వయసు దాని పక్కగోడ మీదే ఉంటుంది. 2000 తరువాత తయారైన టైర్లపై నాలుగంకెల గుర్తు వేస్తారు. 1424 అని ఉంటే 2024వ సంవత్సరం 14వ వారంలో తయారైందని అర్థం.

పాత బ్రేకు లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండేది. ఆ పొడి ఊపిరితిత్తుల్లో చేరితే ఏళ్ల తరువాత క్యాన్సరు వంటి జబ్బులు వస్తాయి. పాత బ్రేకు డ్రమ్ములోని దుమ్మును ఎన్నడూ ఊదకూడదు. ముక్కుకు, నోటికి మాస్కు కట్టుకుని, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో మూటకట్టాలి.

ఇంకొక తేడా గుర్తుంచుకోవాలి. పాత బుల్లెట్లలో గేరు కుడికాలికి, వెనకబ్రేకు ఎడమకాలికి ఉంటాయి. ఇప్పటి బండ్లకు ఇది తలకిందులు. అలవాటు లేనివారు కంగారులో బ్రేకు అనుకుని గేరు తొక్కుతారు.

ఏది మార్చాలి, ఏది ఉంచాలి?

ప్రాణానికి సంబంధించిన బ్రేకులు, టైర్లు, గొట్టాలు, తీగలు కొత్తవి వేయాలి. అరిగినవి, విరిగినవి మార్చాలి. కాని పాతదన్న ఒక్క కారణంతో దేన్నీ పారేయకూడదు. ట్యాంకు మీది బంగారు గీతలు ఒకప్పుడు ఒక పనివాడు కుంచె పట్టి చేత్తో గీసినవి. కొత్త రంగు ఎప్పుడైనా వేయవచ్చు. ఆ గీతలను మాత్రం మళ్లీ పుట్టించలేం. తాతగారి మోకాళ్లు తగిలి అరిగిన మచ్చ కూడా ఆ బండి చరిత్రే.

చట్టం కూడా దాదాపు ఇదే మాట చెబుతోంది. 2021లో కేంద్ర ప్రభుత్వం పాత వాహనాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, చాసిస్, ఇంజను వంటి మూలభాగాలు పెద్దగా మారని ద్విచక్ర వాహనాలను 'వింటేజ్' వాహనాలుగా నమోదు చేయించుకోవచ్చు. వాటిని ప్రదర్శనలకు, ర్యాలీలకు నడపవచ్చుగాని రోజువారీ పనులకు నడపరాదు. అంత వయసు లేని పాత బండిని రోడ్డెక్కించాలంటే రిజిస్ట్రేషన్ గడువు తప్పక పునరుద్ధరించాలి. కనుక పనికి దిగేముందే బండి కాగితాలు, ఇంజను, చాసిస్ మీది అంకెలు సరిచూసుకోవాలి. ఆ అంకెలను రుద్ది చెరిపితే, ఎంత బాగా నడిచే బండి అయినా కాగితం మీద అనాథే.

మీకు 18 ఏళ్లు నిండేదాకా గేర్ల మోటారుసైకిలు నడిపే హక్కు లేదు. కాని నోటుపుస్తకం రాయడానికి, నట్లు కడగడానికి, పాయింట్ల సందు కొలవడానికి, "ఎందుకు?" అని అడగడానికి వయసుతో పని లేదు. ఇలాంటి పని నెలల తరబడి సాగుతుంది. ఒకసారి ఒక్క మార్పే చేసి ఫలితం చూడటం, తెలియనిదాన్ని బలంతో తెరవకపోవడం అలవాటవుతాయి. బండి కదలడం ఆ అలవాట్ల ఫలితమే.

మీరే చేసి చూడండి

మూడు గాజుసీసాలు, మూడు కొత్త ఇనుపమేకులు తీసుకోండి. మొదటిదానిలో మేకు సగం మునిగేలా మామూలు నీళ్లు పోయండి. రెండవదానిలో, కాచి పూర్తిగా చల్లారకముందే నీళ్లను మేకు మునిగేలా పోసి, పైన నూనె పొర వేయండి. మరిగినప్పుడు నీటిలో కరిగిన గాలి పోతుంది, నూనె కొత్త గాలిని రానివ్వదు. మూడవదానిలో మేకుతోపాటు బాగా ఎండిన ఉప్పులాంటి తేమ పీల్చే కాల్షియం క్లోరైడును మీ పాఠశాల ప్రయోగశాల నుంచి అడిగి వేసి, మూత బిగించండి. వారం రోజులు చూడండి. ఏ మేకుకు తుప్పు పట్టింది? ఏవి మెరుస్తున్నాయి? రెండవ సీసాలో నూనె చేసిన పనినే ఇంజనులో నూనె ఎలా చేస్తుందో మీ మాటల్లో రాయండి. మెట్ల కింది బండిని ఇకముందు ఎలా నిలబెట్టాలో అందులోనే దొరుకుతుంది.